చెక్క పలక మీద దక్షిణ జర్మనీ తొలి రైలు దారులు, 1835–1855: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్: పలక, స్కేలు

బాడెన్, వ్యుర్టెంబెర్గ్, బవేరియా అనే మూడు రాజ్యాలలో 1835 నుంచి 1855 వరకు ఏ రైలు దారి ఏ సంవత్సరంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికి తెరుచుకుందో, అదే వరుసలో ఒక పటం మీద దీపాలు వెలిగేలా చేయాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. రైల్వే చరిత్రల వెనుక అట్టలో ఉండే పటాలు చాలావరకు పూర్తయిన జాలాన్ని చూపిస్తాయి. ఆ జాలం ముక్కలు ముక్కలుగా ఎక్కడెక్కడ పుట్టిందో, ఏ రెండు ముక్కలు కలవడానికి ఎన్నేళ్ళు పట్టిందో వాటిలో కనిపించదు. నాకు ఆ అతుకుల మీదే ఆసక్తి. అప్పటికి జర్మనీ ఒక దేశం కాదు. ఒక్కో రాజ్యం తన రాజధానిని, తన రేవును, తన సరిహద్దును చూసుకొని పట్టాలు వేసుకుంది కాబట్టి, అసలు కథ నడిచింది ఆ పట్టాలు ఎదురెదురుగా వచ్చి ఆగిన చోట్లలోనే అని నా నమ్మకం.

పలకకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకొని, 90 సెంటీమీటర్ల చదరంగా కోయించాను. స్కేలు 1:4,00,000, అంటే ఒక సెంటీమీటరుకు నాలుగు కిలోమీటర్లు. ఈ లెక్కన నైరుతి మూల బాసెల్ నుంచి ఈశాన్య మూల హోఫ్ వరకు అంతా పలకలో పట్టి, చుట్టూ కాస్త అంచు మిగులుతుంది. ఇప్పటి పట్టాల జాడలను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటం నుంచి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, ఆ కాలంలో లేని దారులన్నీ తీసేసి, మిగిలినదాన్ని ఏ3 కాగితాల మీద ముక్కలుగా ప్రింటు తీసి పలకకు అంటించాను. ఆ గీతల మీదుగానే రంధ్రాలు పడతాయి.

దీపాలకు మీటరుకు 60 ఎల్‌ఈడీలుండే రకం స్ట్రిప్ ఎంచుకున్నాను. ఒక్కొక్క ఎల్‌ఈడీకి వేరుగా రంగు చెప్పగలిగే రకం అది. ఎల్‌ఈడీకీ ఎల్‌ఈడీకీ మధ్య 1.67 సెంటీమీటర్లు, అంటే నేల మీద 6.7 కిలోమీటర్లు. దీనివల్ల వచ్చిన ఒక ఫలితం నాకు ఎంతో నచ్చింది: జర్మనీలో ఆవిరి ఇంజనుతో ప్రయాణికులను చేరవేసిన మొదటి రైలు దారి, నురెంబర్గ్–ఫ్యూర్త్, పొడవు ఆరు కిలోమీటర్లే కాబట్టి, ఈ పలక మీద సరిగ్గా ఒక్క ఎల్‌ఈడీ.

మే మొదట్లో: ఆ ఒక్క ఎల్‌ఈడీ

అన్నిటికన్నా ముందు ఆ రంధ్రమే తొలిచాను. 1835 డిసెంబరు 7న తెరుచుకున్న ఈ లుడ్విగ్ రైల్వేను ప్రభుత్వం కాదు, నురెంబర్గ్ వర్తకులు వాటాలు వేసుకొని పెట్టిన కంపెనీ నిర్మించింది. గెయార్గ్ ప్లాట్నర్, యోహానెస్ షారర్ దానికి పూనుకొన్నవారు. ఇంజనీరు పౌల్ కమీల్ ఫోన్ డెనిస్. ‘ఆడ్లర్’ అనే ఇంజను ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఉన్న స్టీఫెన్‌సన్ కర్మాగారం నుంచి వచ్చింది, దాన్ని నడిపే విలియం విల్సన్ కూడా అక్కడినుంచే వచ్చాడు. అయితే బొగ్గు దూరం నుంచి రావలసి ఉండడంతో ఖర్చు ఎక్కువై, మొదటి ఏళ్ళలో చాలా బళ్ళను అదే పట్టాల మీద గుర్రాలే లాగాయి. 1836లో సరుకు రవాణా మొదలైనప్పుడు ఎక్కించినది రెండు బీరు పీపాలు.

ఈ ఎల్‌ఈడీ దగ్గరే మొదటి అతుకు ఎదురైంది. బవేరియా ప్రభుత్వం 1844లో నురెంబర్గ్ నుంచి బాంబెర్గ్‌కు తన సొంత దారి వేసినప్పుడు, అది ఫ్యూర్త్ పట్టణంలోకి పోకుండా, ఊరి బయట లుడ్విగ్ రైల్వేను అడ్డంగా దాటి ఉత్తరానికి సాగింది. ఆ చోటికి ‘ఫ్యూర్త్ క్రాసింగ్’ అనే పేరే స్థిరపడింది. దేశంలో అందరికన్నా ముందు రైలు చూసిన పట్టణం పెద్ద దారికి పక్కన ఉండిపోయింది. నా స్కేలులో ఈ రెండు దారులూ ఒకే రంధ్రంలో పడతాయి కాబట్టి, ఇక్కడ మాత్రం స్ట్రిప్ వదిలేసి, రెండు చిన్న విడి ఎల్‌ఈడీలను పక్కపక్కన పెట్టి, మధ్యలో నల్ల అట్టముక్కతో గోడ కట్టాను. ఒకటి ప్రైవేటు కంపెనీకి ఆకుపచ్చ, ఇంకొకటి రాజ్యానికి నీలం.

మే చివర: మూడు గొలుసులు

ఈ రకం ఎల్‌ఈడీలలో సమాచారం ఒకదాని నుంచి ఒకదానికి వరుసగా పోతుంది. అన్నిటినీ ఒకే వరుసలో కలిపితే వైరింగు సులువు. అయినా నేను మూడు గొలుసులు చేశాను: బాడెన్‌కు ఒకటి, వ్యుర్టెంబెర్గ్‌కు ఒకటి, బవేరియాకు ఒకటి. ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డులో మూడు వేరు పిన్నులు మూడింటికీ సంకేతాలు పంపుతాయి. బోర్డు ఇచ్చే 3.3 వోల్టుల సంకేతాన్ని 5 వోల్టులకు పెంచడానికి మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 చిప్ ఉంది. రంగులు ఆ రాజ్యాల జెండాల నుంచి తీసుకొన్నవి: బాడెన్‌కు పసుపు, వ్యుర్టెంబెర్గ్‌కు ఎరుపు, బవేరియాకు నీలం.

కరెంటు గురించి రెండు మాటలు చాలు. మొత్తం రెండు వందలకు పైగా ఎల్‌ఈడీలు. పూర్తి తెలుపులో ఒక్కోటి 60 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకొంటుంది కాబట్టి లెక్క 13 ఆంపియర్ల దాకా పోతుంది. నాకు అంత వెలుగు అవసరం లేదు. ప్రోగ్రాములోనే కాంతిని ఐదో వంతుకు కట్టేసి, 5 వోల్టుల 10 ఆంపియర్ల సప్లై పెట్టి, పొడవైన బవేరియా గొలుసుకు రెండు చివరల నుంచీ కరెంటు ఇచ్చాను. గ్రౌండు మూడింటికీ ఉమ్మడే.

జూన్: బవేరియా, పొడవైన నిలువు గీత

బవేరియా గొలుసులో మొదట వెలిగేది మ్యూనిక్–ఆగ్స్‌బర్గ్. అది కూడా పుట్టుకలో ప్రైవేటే: 1839లో మ్యూనిక్ నుంచి లోఖ్‌హౌజెన్ వరకు మొదటి ముక్క, 1840లో ఆగ్స్‌బర్గ్ వరకు పూర్తి దారి. పారిశ్రామికవేత్త యోసెఫ్ అంటోన్ ఫోన్ మాఫై ఆ కంపెనీకి ముఖ్యుడు. 1844లో రాజ్యం దాన్ని కొనేసింది కాబట్టి, ఆ సంవత్సరం రాగానే ఆ తొమ్మిది ఎల్‌ఈడీలు ఆకుపచ్చ నుంచి నీలానికి మారతాయి.

తర్వాతది లుడ్విగ్ దక్షిణోత్తర రైల్వే. కాన్‌స్టన్స్ సరస్సులోని లిండావ్ నుంచి కెంప్టెన్, ఆగ్స్‌బర్గ్, నోర్డ్‌లింగెన్, నురెంబర్గ్, బాంబెర్గ్ మీదుగా శాక్సనీ సరిహద్దులోని హోఫ్ వరకు 560 కిలోమీటర్లు దాటిన దారి అది. మొదటి లుడ్విగ్ రాజుకు రైళ్ళకన్నా కాలువ మీద మమకారం ఎక్కువ. డాన్యూబ్‌నూ మైన్‌నూ కలిపే ఆయన కాలువ 1846లో పూర్తయింది, కానీ అప్పటికే దాని పక్కనుంచే నురెంబర్గ్–బాంబెర్గ్ బళ్ళు రెండేళ్ళుగా తిరుగుతున్నాయి.

ఈ దారిని ప్రోగ్రాములో నడిపించి చూస్తే గీత ఒక కొస నుంచి ఇంకో కొసకు సాగదు. 1844లో నురెంబర్గ్–బాంబెర్గ్ ఒక ముక్క, ఆగ్స్‌బర్గ్–డోనావ్యోర్త్ ఇంకో ముక్క. 1846లో ఉత్తరాన నోయెన్‌మార్క్ట్, 1847లో దక్షిణాన కాఫ్‌బోయెరెన్. 1848లో హోఫ్. నడుమ ఉన్న డోనావ్యోర్త్–నురెంబర్గ్ ఖాళీ 1849లో గాని పూడలేదు. అది కూడా సూటిగా పూడలేదు: కొండలను తప్పించుకొని పడమటికి వంగి, నోర్డ్‌లింగెన్ ఉన్న చదునైన రీస్ పల్లం గుండా, గుంజెన్‌హౌజెన్ మీదుగా వెళ్ళింది. పలక మీద ఆ వంపు స్పష్టంగా కనబడుతుంది. ఆ వంపు వల్లనే నోర్డ్‌లింగెన్ వంటి పాత ప్రాకారాల పట్టణం పెద్ద దారి మీద నిలిచింది.

బైరాయిట్ సంగతి కూడా ఈ గొలుసులోనే చేర్చాను. రాజ్యం వేసిన దారి తన పక్కనుంచి పోతుంటే చూస్తూ ఊరుకోకుండా, ఆ పట్టణం సొంత ఖర్చుతో నోయెన్‌మార్క్ట్ వరకు పట్టాలు వేయించుకొని, నడిపే బాధ్యతను రాజ్యానికి కౌలుకు ఇచ్చింది. 1853లో అది తెరుచుకుంది. మూడే ఎల్‌ఈడీలు. రాజ్యం ఇచ్చే దాకా ఆగని పట్టణం కాబట్టి ఆ మూడింటికీ కొంచెం తేలిక నీలం ఇచ్చాను.

జూలై: వాలు

ఈ నెల పలకను పక్కన పెట్టి ఒక ప్రయోగం చేశాను. వ్యుర్టెంబెర్గ్‌లోని గైస్లింగెన్ కనుమలో వాలు 44.5 మీటర్లకు ఒక మీటరు; బవేరియాలో నోయెన్‌మార్క్ట్ నుంచి మార్క్ట్‌షోర్గాస్ట్‌కు ఎక్కే ‘షీఫె ఎబెనె’ వాలు 40 మీటర్లకు ఒక మీటరు. కాగితం మీద చదివితే ఇవి ఏమంత అనిపించవు. ఒక మీటరు పొడవున్న హెచ్‌ఓ సైజు బొమ్మ రైలు పట్టాను బల్ల మీద పరిచి, ఒక కొసను 22.5 మిల్లీమీటర్లు లేపాను. చూపుకు అది వాలులా కూడా అనిపించదు. దాని మీద పెట్టెబండిని పెట్టి చేయి తీస్తే, ఒక్క క్షణం ఆగి, అదే కదిలి, కింది కొసకు చేరేసరికి పట్టా అంచు దాటి బల్ల మీదికి దూకేంత వేగం అందుకుంది. బండి చక్రం పట్టా మీద ఎంత తక్కువ అడ్డుతో దొర్లుతుందో చేతితో తెలిసింది. అలా కిందికి జారిపోవాలని చూసే బళ్ళను, 1850 నాటి ఇంజను ఈ వాలు మీద పైకి లాగాలి.

వ్యుర్టెంబెర్గ్‌కు ఈ కనుమ తప్పలేదు. నెకార్ లోయలోని స్టుట్‌గార్ట్ నుంచి డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఉల్మ్‌కు పోవాలంటే మధ్యలో స్వేబియన్ ఆల్బ్ అనే సున్నపురాతి పీఠభూమి అడ్డంగా ఉంది. రెమ్స్ లోయ పట్టుకొని ఆలెన్ మీదుగా చుట్టి రావాలన్న ప్రతిపాదన ఉండింది. చివరికి ఫిల్స్ లోయ గుండా గైస్లింగెన్ వరకు వెళ్ళి, అక్కడ కొండవాలును చెక్కి ఎక్కడమే నిర్ణయించారు. ఆ పనిని నడిపించిన ఇంజనీరు మిఖాయెల్ క్నోల్. 5.6 కిలోమీటర్లలో 112 మీటర్లు ఎక్కి ఆమ్‌స్టెటెన్ చేరే ఈ దారి 1850 జూన్ నెలాఖరులో తెరుచుకుంది. ఈ నిర్ణయం వల్ల ఆలెన్‌కు రైలు 1861 వరకు రాలేదు. నా పలక మీద ఆలెన్ కాలపరిధి అంతా చీకటిగానే ఉంటుంది.

నేను ఉంటున్న గ్యోపింగెన్ నుంచి ఉల్మ్ పోయే ప్రాంతీయ రైళ్ళు ఇప్పటికీ ఈ కనుమ మీదుగానే వెళ్తాయి. గైస్లింగెన్ స్టేషను దాటగానే బండి వేగం తగ్గించుకొని కొండకు ఆనుకొని వంపు తిరుగుతుంది. ఊరి కప్పులు కిటికీ మట్టానికి దిగి, తర్వాత కాళ్ళ కిందికి పోతాయి. దారి పక్కన క్నోల్ స్మారకం ఉంది. బరువైన గూడ్సు బళ్ళను వెనుకనుంచి ఇంకో ఇంజను నెట్టే పద్ధతి ఆవిరి కాలంతో పోలేదు, ఇప్పుడూ ఉంది. వేగంగా పోయే బళ్ళకు మాత్రం 2022 డిసెంబరులో వెండ్‌లింగెన్–ఉల్మ్ కొత్త దారి వచ్చింది. నూట డెబ్భై ఏళ్ళకు పైగా స్టుట్‌గార్ట్, ఉల్మ్‌ల మధ్య ముఖ్యమైన దారి ఈ ఒక్క ఎల్‌ఈడీ మీదుగానే సాగింది. అందుకని రెండు వాలుల ఎల్‌ఈడీలకూ మిగతావాటికన్నా రెట్టింపు కాంతి ఇచ్చాను.

వ్యుర్టెంబెర్గ్ మిగతా దారి త్వరగానే అమరింది. 1843లో చట్టం, 1845 అక్టోబరులో కాన్‌స్టాట్ నుంచి ఉంటర్‌ట్యూర్క్‌హైమ్ వరకు మొదటి బండి, నవంబరులో ఎస్లింగెన్, 1846లో రోజెన్‌స్టైన్ రాజభవనం కింద సొరంగం తవ్వి స్టుట్‌గార్ట్ లోపలికి, 1848లో హైల్‌బ్రోన్. మొదటి ఇంజన్లు అమెరికాలోని బాల్డ్‌విన్, నోరిస్ కర్మాగారాల నుంచి వచ్చాయి. పెట్టెలు కూడా అమెరికా పద్ధతిలో పొడవుగా, మధ్యలో నడవాతో, వంపుల్లో తిరగడానికి వీలుగా, పెట్టె కింద విడిగా తిరిగే చక్రాల చట్రాల మీద ఉండేవి. ఎమిల్ కెస్లర్ ఎస్లింగెన్‌లో ఇంజన్ల కర్మాగారం పెట్టిన తరువాత బయటినుంచి తెప్పించుకొనే అవసరం తీరింది.

ఆగస్టు: బ్రుక్సాల్ అతుకు

నేను ఎక్కువ సమయం పెట్టినది ఈ ఒక్క చోటికే. బాడెన్ 1840లో మాన్‌హైమ్–హైడెల్‌బర్గ్ దారి తెరిచినప్పుడు, పట్టాల మధ్య దూరం 1600 మిల్లీమీటర్లు పెట్టుకొంది. మన దేశంలోని 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్‌కన్నా కాస్త ఇరుకు, ఇరుగుపొరుగు రాజ్యాల 1435 కన్నా బాగా వెడల్పు. అదే గేజ్‌తో 1843లో కార్ల్స్‌రూహె, 1844లో ఓఫెన్‌బుర్గ్, 1845లో ఫ్రైబర్గ్ చేరింది. రైన్ నదికి ఆవలి ఒడ్డున ఫ్రెంచివారు 1841కే స్ట్రాస్‌బూర్–బాసెల్ దారి తెరిచారు. అంతర్జాతీయ సరుకు అటు పోతుందేమోనన్న భయం బాడెన్ పరుగుకు ఒక కారణం. ఉత్తర దక్షిణాలుగా తన నేల మీద తాను పరుగెత్తినంతకాలం గేజ్ తేడా పెద్దగా అడ్డు రాలేదు.

1846లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైన్–నెకార్ రైల్వే 1435 గేజ్‌తో హైడెల్‌బర్గ్ చేరింది. అది బాడెన్, హెస్సె, ఫ్రాంక్‌ఫర్ట్ మూడింటి ఉమ్మడి ఆస్తి. అంటే బాడెన్‌కు వాటా ఉన్న దారే బాడెన్ గేజ్‌లో లేదు. 1853లో వ్యుర్టెంబెర్గ్ పడమటి దారి బీటిగ్‌హైమ్ నుంచి బ్రెటెన్ మీదుగా బ్రుక్సాల్ చేరింది, అదీ 1435లోనే. దానికోసం కార్ల్ ఎట్సెల్ ఎన్జ్ నది మీద 21 కమానులతో, 287 మీటర్ల పొడవున వంతెన కట్టించాడు. అంత ఖర్చు పెట్టి, అంత ఎత్తు దాటి వచ్చిన బండి బ్రుక్సాల్ దగ్గర ఆగిపోయేది. ప్రయాణికులు దిగి వేరే బండి ఎక్కాలి, సరుకును ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మోయాలి.

పలక మీద ఈ చోటు చేసిన తీరు ఇది. బాడెన్ గొలుసులోని బ్రుక్సాల్ ఎల్‌ఈడీ, వ్యుర్టెంబెర్గ్ గొలుసు చివరి ఎల్‌ఈడీ ఎదురెదురుగా, మధ్యలో ఎనిమిది మిల్లీమీటర్ల ఎడంతో ఉన్నాయి. స్ట్రిప్‌లోంచి ఒక్కొక్క ఎల్‌ఈడీని రాగి చుక్కల మధ్యకు కత్తిరించి, మూడేసి సన్నని తీగలు సోల్డరింగ్ చేశాను. చుక్క వెడల్పు రెండు మిల్లీమీటర్లే కాబట్టి ముందుగా తీగ కొసకు సోల్డర్ పూసి, చుక్కకు కూడా పూసి, రెండింటినీ ఆనించి ఇనుము తాకించి వెంటనే తీసేయాలి. ఎక్కువసేపు ఉంచితే రాగి పొర లేచిపోతుంది. రెండు ఎల్‌ఈడీల మధ్య పలుచని అట్టగోడ, పైన ట్రేసింగ్ కాగితం. 1600 గేజ్ ఉన్నంతకాలం బాడెన్ గొలుసు నారింజ రంగులో వెలుగుతుంది. 1854–55లో బాడెన్ తన పట్టాలన్నీ 1435కు మార్చుకొంది కాబట్టి, ఆ సమయానికి గొలుసు అంతా నారింజ నుంచి పసుపుకు జరుగుతుంది. అప్పుడు అట్టగోడ కింద దాచిన ఇంకో చిన్న తెల్ల ఎల్‌ఈడీ వెలిగి, రెండు గొలుసులకూ మధ్య ఖాళీ పూడినట్టు కనిపిస్తుంది. నారింజకూ పసుపుకూ తేడా స్పష్టంగా తేలడానికి ప్రోగ్రాములో రంగుల మిశ్రమంలోని ఆకుపచ్చ విలువను 90 నుంచి 180 వరకు పెంచవలసి వచ్చింది.

ఈ అతుకు వెనుక ఊళ్ళ పోటీ కూడా ఉంది. రెండు రాజ్యాల దారులు ఫోర్ట్స్‌హైమ్ మీదుగా కలవాలని బాడెన్, బ్రెటెన్ మీదుగా కలవాలని వ్యుర్టెంబెర్గ్ పట్టుబట్టాయి. 1850 ఒప్పందంలో బ్రెటెన్ గెలిచింది. నగల పనికి పేరుపడ్డ ఫోర్ట్స్‌హైమ్ 1861 వరకు ఆగింది.

సెప్టెంబరు: సరస్సు ఒడ్డు

పలకలో నన్ను అన్నిటికన్నా కదిలించిన భాగం దక్షిణపు అంచు. 1847 రాగానే కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ నుంచి రావెన్స్‌బర్గ్ వరకు మూడు ఎర్ర ఎల్‌ఈడీలు, దేనికీ ఆనకుండా, ఒంటరిగా వెలుగుతాయి. రాజధాని స్టుట్‌గార్ట్ ఎర్ర గీత అప్పటికి ఫిల్స్ లోయలో సగం దూరమే వచ్చింది. అడ్డంగా ఆల్బ్ కొండ. 1849లో ఆ మూడు బిబెరాఖ్ వరకు పెరిగి, 1850లో ఉల్మ్ దగ్గర పై గీతను అందుకుంటాయి. అక్కడితో హైల్‌బ్రోన్ నుంచి సరస్సు దాకా వ్యుర్టెంబెర్గ్‌కు ఒకే దారి ఏర్పడింది.

స్విట్జర్లండ్ ధాన్యం వ్యాపారం మీద, ఆల్ప్స్ దాటే సరుకు మీద కన్నేసిన ఈ మూడు రాజ్యాలకూ సరస్సు మీద తమ సొంత రేవు కావాలి. వ్యుర్టెంబెర్గ్‌కు ఫ్రీడ్రిక్స్‌హాఫెన్, బవేరియాకు లిండావ్, బాడెన్‌కు కాన్‌స్టన్స్. బవేరియా గీత 1853లో లిండావ్ ఎదుటి ఒడ్డుకు, 1854లో నీళ్ళలో కట్ట పోసి ద్వీపంలోకి చేరింది. బాడెన్ గీత కాన్‌స్టన్స్‌ను 1863లో గాని చేరలేదు. ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కూ లిండావ్‌కూ మధ్య ఒడ్డు వెంట పాతిక కిలోమీటర్లు కూడా లేవు, నా పలక మీద ఆరు సెంటీమీటర్లలోపే. వాటిని నేరుగా కలిపే పట్టాలు 1899లో వచ్చాయి. 1854లో ఉల్మ్–ఆగ్స్‌బర్గ్ దారి తెరుచుకున్నాక, ఒకరు రైల్లోనే ఒక రేవు నుంచి ఇంకో రేవుకు పోదలిస్తే ఉల్మ్, ఆగ్స్‌బర్గ్, కెంప్టెన్ చుట్టి సుమారు 380 కిలోమీటర్లు పోవాలి. అయితే పడవ ఉన్నప్పుడు ఎవరూ అలా పోయి ఉండరు. కానీ మూడు రాజ్యాలు పక్కపక్కనే ఉంటూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా పట్టాలు వేసుకున్నాయనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నాకు ఈ పటంలో దొరకలేదు. అందుకే ఈ చుట్టుదారిని విడిగా చూపడానికి ఒక మీట పెట్టాను. నొక్కితే ఒక తెల్లని చుక్క ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో బయలుదేరి, ఎరుపు మీదుగా ఉత్తరానికి, ఉల్మ్‌లో నీలంలోకి, ఆగ్స్‌బర్గ్‌లో దక్షిణానికి తిరిగి లిండావ్ చేరుతుంది.

అక్టోబరు: ఇప్పటి స్థితి, తర్వాతి పని

మూడు గొలుసులూ పని చేస్తున్నాయి. సంవత్సరాన్ని ఒక నాబ్‌తో ముందుకూ వెనక్కూ తిప్పవచ్చు. మూలన ఉన్న చిన్న తెర మీద సంవత్సరం కనిపిస్తుంది. 1855లో బాడెన్ గీత బాసెల్ చేరడంతో కథ ప్రస్తుతానికి ఆగుతుంది.

నాబ్ చివరిదాకా తిప్పి పలకను చూస్తే తూర్పు సగంలో పెద్ద చీకటి ఉంది. రేగెన్స్‌బర్గ్ వంటి నగరం, 1806 వరకు పవిత్ర రోమన్ సామ్రాజ్యపు సభ కూర్చున్న నగరం, 1855లో కూడా పట్టాలు చూడలేదు. పాసావ్ కూడా అంతే. అక్కడికి దారి వేసింది 1856లో ఏర్పడిన బవేరియా తూర్పు రైల్వే కంపెనీ. ఇంజనీరు మళ్ళీ నురెంబర్గ్–ఫ్యూర్త్ దారి వేసిన డెనిసే. 1858లో మ్యూనిక్–లాండ్స్‌హూట్, 1859లో నురెంబర్గ్ నుంచి రేగెన్స్‌బర్గ్, 1860లో పాసావ్. వాటికి రంధ్రాలు గుర్తు పెట్టుకొన్నాను. ఈ కంపెనీని 1876లో రాజ్యం కలుపుకొంది కాబట్టి వాటికి ఆకుపచ్చే ఇచ్చి, నాబ్ పరిధిని 1876 దాకా పెంచి, ఆ సంవత్సరంలో నీలానికి మార్చాలి. బవేరియా గొలుసు ఇప్పటికే పొడవుగా ఉంది. తూర్పు దారులకు నాలుగో పిన్ను మీద కొత్త గొలుసు వేస్తాను, 74ఏహెచ్‌సీటీ125లో ఒక దారి ఇంకా ఖాళీగా ఉంది.